పొగలో పెట్టిన సున్నా

పొగను కొలిచే యంత్రానికి పొగలోనే సున్నా పెట్టారు. జరిగిన అన్యాయం ఇంతే. గొట్టంలోంచి నల్లగా పొగ పోతూ ఉండగా, ఆ పొగనే ‘ఏమీ లేదు’ అని యంత్రానికి నేర్పించారు. ఆ తర్వాత అది రోజూ అదే పాఠం అప్పజెప్పింది. దాని మాటను నమ్మినవాళ్లు మా అక్క మిద్దె మీద పడిన మసిని నమ్మలేదు.

ఇది తొంభైల్లో మాట. వ్యాసర్పాడిలో రైల్వే యార్డు దాటిన తర్వాత ఒక గాజు సీసాల కార్ఖానా ఉండేది. దాని పేరు రాయను. పేరు రాసి దానికి లేని గౌరవం ఇప్పుడు నేనెందుకు ఇవ్వాలి? ఆ కార్ఖానా గోడకు ఇవతల, నాలుగు వీధుల లోపలే మా అక్క ఇల్లు. మా వాళ్లు ఎన్ని తరాల క్రితం ఈ ఊరికి వచ్చారో చెప్పగలిగినవాళ్లు మా ఇంట్లో ఎవరూ లేరు. మా తెలుగు వింటే నెల్లూరు వాళ్లు మావాళ్లే అంటారు, బెజవాడ వాళ్లు నవ్వుతారు.

నేను అంబత్తూరులో మీటర్లు బాగుచేసే ఒక చిన్న షెడ్డులో పనిచేసేవాణ్ణి. నా బడి ఎనిమిదో తరగతితో ఆగింది. ఆ తర్వాత నేర్చుకున్నదంతా సెంట్రల్ స్టేషను దగ్గరి పాత పుస్తకాల వాళ్ల దయ. డిక్షనరీ ఒళ్లో పెట్టుకుని, ఒక్కో వాక్యాన్ని పీకి పాకం పెట్టి చదివేవాణ్ణి. వెలుతురు గురించి ఒక పుస్తకం దొరికింది, అట్ట చిరిగిపోయింది, ఎవరు రాశారో ఇప్పటికీ తెలియదు. ఆ పుణ్యాత్ముడి వల్లనే నాకు ఈ అన్యాయం అర్థమైంది. అర్థం కాకుండా ఉంటే మనశ్శాంతి అయినా మిగిలేదేమో.

గాజు కొలిమి వంటింటి పొయ్యి కాదు, ఆర్పి మళ్లీ వెలిగించుకోవడానికి. ఒకసారి వెలిగిస్తే ఏళ్ల తరబడి మండుతూనే ఉండాలి. చల్లారితే లోపలి గాజు రాయి అయిపోతుంది, ఇటుకలు పగులుతాయి. పండగకూ ఆగదు, మనిషి పోయినా ఆగదు. నిప్పు ఒక పక్క నుంచి కాసేపు, రెండో పక్క నుంచి కాసేపు మండిస్తారు. అలా పక్క మార్చినప్పుడల్లా గొట్టంలోంచి ఒక నల్లటి ముద్ద లేచి, గాలి ఎటుంటే అటు వంగేది. సముద్రపు గాలి తిరిగే వేళకు మా అక్క ఇంటి వైపే వంగేది.

సర్కారు పట్టుబట్టడంతో, పొగ కొలిచే యంత్రం ఒకటి ఆ గొట్టానికి పెట్టాల్సి వచ్చింది. బిగించే పని మా షెడ్డుకు దొరికింది. గొట్టానికి ఒక పక్క దీపం ఉన్న పెట్టె, ఎదురుగా ఆ వెలుతురును చూసే కన్ను ఉన్న పెట్టె. మధ్యలోంచి పొగ పోతుంది. పొగ చిక్కబడే కొద్దీ కన్నుకు అందే వెలుతురు తగ్గుతుంది. ఆ తగ్గుదలను కింద గదిలో ఒక ముల్లు చూపిస్తుంది, ఒక పెన్ను తిరిగే కాగితం మీద గీస్తుంది. ముల్లు ఎర్రగీత దాటితే గంట మోగుతుంది. ఆ కాగితాలు కాలుష్యం చూసే ఆఫీసుకు పోవాలి.

అలాంటి యంత్రానికి ముందుగా చెప్పాల్సింది ఒకటే. పొగ అసలు లేనప్పుడు కన్నుకు ఎంత వెలుతురు అందుతుందో చూపించి, ‘ఇదీ సున్నా’ అనాలి. మా చేతికి వచ్చేసరికి కొలిమి ఎప్పటినుంచో మండుతూ ఉంది. గొట్టంలో పొగ లేని క్షణం లేదు. మరి సున్నా ఎక్కడ పెట్టాలి?

కార్ఖానా ఇంజనీరు బెజవాడ వైపు నుంచి వచ్చినవాడు, నాకంటే చిన్నవాడు. చెడ్డవాడని రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. అదే నా కడుపుమంట. చెడ్డవాడైతే తిట్టి ఊరుకునేవాణ్ణి.

బిగించిన రోజు ముల్లు ఎర్రగీత అవతల కూర్చుంది. గంట ఆగకుండా మోగింది.

“ఏం మేస్త్రీ, ఇంకెంతసేపు? చెవులు పోతున్నాయి” అన్నాడు.

“గంట సరిగ్గానే మోగతా ఉంది సార్. పొగ ఉండాది గదా. సున్నా ఈడ పెట్టేదానికి కాదు. దించాల.”

“దించి ఏం చేస్తావు?”

“గోడౌన్లో పెడదాం. గొట్టం ఎంత వెడల్పు ఉందో అంతే దూరంలో రెండు స్టాండ్లు. ఒకదాని మీద దీపం, ఒకదాని మీద కన్ను. నడాన ఉత్త గాలి. ఆడ సున్నా పెట్టి మళ్లీ ఎక్కిచ్చేస్తాం. గొట్టానికి ఉండే తూట్లకు అందాకా రేకు మూసేస్తే సరి. ఫర్నేసును ఎవురూ ముట్టుకోబళ్లేదు. ఒక్క సీసా ఆగదు.”

“ఎంతసేపు పడుతుంది?”

“ఒక పూట.”

“రేపు పొద్దున్నే ఆఫీసు వాళ్లొస్తున్నారయ్యా. గంట మోగేదాన్ని చూపించమంటావా, గోడౌన్లో పడుకున్నదాన్ని చూపించమంటావా?”

అంటూనే నా చొక్కా జేబులో ఉన్న చిన్న స్క్రూడ్రైవరు తీసుకున్నాడు. మూత ఏదో విప్పబోతున్నాడనుకున్నాను. సున్నా మరను పట్టుకుని నిదానంగా తిప్పాడు. ముల్లు ఎర్రగీత దాటి వెనక్కి వచ్చింది, ఇంకా వచ్చింది, సున్నా మీద కూర్చుంది. గంట ఆగిపోయింది.

“అబ్బ, ఎంత ప్రశాంతంగా ఉందో చూశావా?”

“సార్, మీరు సున్నా అంటా ఉండేది పొగ.”

“ఇవాళ్టికి సున్నా అనుకో. తీరిక దొరికాక దించుదాం.” స్క్రూడ్రైవరు తుడిచి, మళ్లీ నా జేబులోనే పెట్టాడు. అంత మర్యాదస్తుడు.

తట్టలో వంకాయలు ఉండగానే తక్కెడ ముల్లును సున్నాకు తిప్పి, తట్ట ఖాళీ అని చెప్పడం ఇది. నల్లముద్ద లేచినప్పుడు కూడా ముల్లు కాస్త లేచి, ఎర్రగీతకు ఇవతలే ఆగిపోతుంది. తర్వాత ఎన్ని పరీక్షలు చేసినా తప్పు బయటపడదు. పరీక్షంటే ఏమిటి? అద్దాలు తుడిచి, దీపానికి అడ్డంగా నల్లద్దాల ముక్కలు పెట్టి, ముల్లు ఎంత కదిలిందో చూడటం. ముక్క పెడితే కదలాల్సినంత కదులుతుంది, తీస్తే మళ్లీ సున్నాకు చేరుతుంది. అన్నీ సక్రమం. ఉత్పత్తి ఆపకుండా, చెమట పట్టకుండా పరీక్ష పూర్తి. ఆ తీరిక మాత్రం ఆయనకు ఎప్పుడూ దొరకలేదు.

ఇక మా అక్క సంగతి. బావ యార్డులో పనిచేసి పోయాక, ఆమెనూ ఆమె అత్తనూ పోషించింది వడియాలు. బియ్యం పిండి గంజిలా కాచి, జీలకర్ర వేసి, మిద్దె మీద ఉతికిన తెల్ల పంచె పరిచి, చేత్తో ఒకే కొలతలో పెట్టుకుంటూ పోయేది. ఎండాకాలమంతా ఆ మిద్దె చుక్కల ముగ్గులా ఉండేది. టి. నగర్‌లో, పాండీ బజారు వెనక వీధిలోని ఒక షాపు ఆ సరుకంతా కొనేది. షాపాయనకు కావాల్సింది ఒకటే, తెల్లదనం. నూనెలో వేస్తే మల్లెపువ్వులా ఉండాలనేవాడు.

యంత్రం రాకముందే కార్ఖానాలో కొత్త కొలిమి ఒకటి వెలిగింది, అప్పటినుంచి పొగ పెరిగింది. ఆరుతున్న వడియం మీద మసి కూర్చుంటే దులిపినా పోదు, తుడిస్తే పులుముకుంటుంది. అక్క గొట్టం మీద కన్ను వేసి ఉండేది. నల్లముద్ద లేవగానే “వస్తా ఉందిరా మహమ్మారి” అంటూ మోకాళ్ల నొప్పితోనే పరుగెత్తి, ఇంకో పంచె కప్పేది. తడి వడియాలు పై బట్టకు అతుక్కుపోయేవి. కప్పినా నష్టమే, కప్పకపోయినా నష్టమే.

ఒకసారి షాపుకు నేనే మూట మోసుకెళ్లాను, అక్క వెంట వచ్చింది. షాపాయన గుప్పెడు తీసి వెలుగులో పెట్టి చూశాడు.

“ఏంమ్మా, ఈ తడవ మిరియాలు గూడా వేసినావా?”

“మిరియాలు కాదు సామీ, జీలకర్రే.”

“జీలకర్ర నాకు తెలవదా? ఇది చూడు, వేలికి అంటుకుంటా ఉంది. కాటుక పెట్టుకుని వచ్చినాయి నీ వడాలు. ఎత్తుకుని పో తల్లీ. మంచిగా ఉంటే తే, నేనేమన్నా వద్దన్నానా?”

తిరుగు బస్సులో అక్క కిటికీ వైపు ముఖం పెట్టి కూర్చుంది. యార్డు దగ్గరికి వచ్చాక అడిగింది.

“ఏరా అబ్బయ్యా, ఆ గొట్టానికి మిషను పెట్టింది నువ్వే గదా?”

“నేనే.”

“అదేం చెప్తా ఉందంట?”

“పొగ లేదంటా ఉంది.”

“ఓహో. అయితే నాకే చత్వారం వచ్చిందేమో. కాకులకు నల్ల గొడుగు పెట్టినాను, పోతా ఉండాయి. ఈ పొగకేం పెట్టేది, నువ్వే చెప్పు.”

ఆమె జీవనమంతా ఆ మిద్దె మీదే ఉంది. ముల్లు నిజం చెబితే గంట మోగుతుంది, గంట మోగితే కార్ఖానా తన బర్నర్లు సరిచేసుకోక తప్పదు, అప్పుడు అక్క మిద్దె తెల్లబడుతుంది. అబద్ధం చెప్పినన్నాళ్లూ ఆమె వడియాలు పెట్టుకునేదెలా?

ఆ తర్వాత యంత్రాన్ని చూడటానికి వెళ్లినప్పుడు ఒక వింత కనబడింది. ఆ వారం కొలిమిలో మండించడానికి మంచి నూనె ఏదో వచ్చిందట, పొగ కాస్త పలచబడింది. ముల్లు సున్నా దాటి, కిందికి దిగి, అడ్డంగా ఉండే చిన్న మేకును ఆనుకుని నిలబడి ఉంది. పొగ లేకపోతే సున్నా. సున్నాకంటే తక్కువ పొగ ఈ భూమ్మీద ఎక్కడైనా ఉంటుందా? ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

ఇంజనీరును పిలిచి చూపించాను. నవ్వేశాడు.

“మన గొట్టం గాలిని శుభ్రం చేస్తోంది మేస్త్రీ. మనకే డబ్బులివ్వాలి ఆఫీసు వాళ్లు.”

“నవ్వేదానికి బాగానే ఉంది సార్. దించి సున్నా పెడదాం. ఇప్పుడైనా పెడదాం.”

“నీ మాట తప్పని నేనెప్పుడన్నా అన్నానా? ఆ మర తిప్పినవాణ్ణి నేనే. సున్నా ఎక్కడుందో నీకెంత తెలుసో నాకూ అంతే తెలుసు.” తన చొక్కా కాలరు తిప్పి చూపించాడు. మడత వెంబడి నల్లటి గీత. “మా ఆవిడ రోజూ ఇది రుద్దలేక నన్ను తిడుతుంది. పొగ నాకు కనబడదనుకున్నావా?”

“మరి?”

“మరేముంది. సున్నా సరిచేస్తే ముల్లు ఎర్రగీత దాటుతుంది. దాటితే బర్నర్లు మార్చాలి. ఆ మాట పైవాళ్లకు చెప్పాల్సింది నేను. చెబితే వాళ్లు మార్చేది బర్నర్లను కాదు, నన్ను.”

“మా అక్క వడియాలు పెట్టుకుని బతకతా ఉంది సార్. అన్నీ వెనక్కొస్తా ఉండాయి.”

ఆయన ముఖంలో నవ్వు పోయింది. “మేడ మీద కాకుండా ఇంట్లో ఆరబెట్టుకోమనకూడదూ?” అన్నాడు, మెల్లగా, నిజంగా సాయం చేస్తున్నట్టు.

ఇంట్లో ఆరబెట్టడం అక్క అప్పటికే చూసింది. ఈ ఊరి ఉక్కలో ఫ్యాను కింద పెట్టిన వడియం ఎండదు, పులుస్తుంది. రెండోనాటికి బూజు పడుతుంది. ఎండలో ఎండాల్సిందాన్ని నీడలో ఎండబెట్టమనే సలహాకు ఇంజనీరింగు చదువు అవసరమా?

నేను అర్జీ రాశాను. ఇంగ్లీషులో, డిక్షనరీ పక్కన పెట్టుకుని, చించి మళ్లీ రాసి, మళ్లీ చించి. కార్ఖానా మూయమని అడగలేదు. జరిమానా వెయ్యమని అడగలేదు. యంత్రాన్ని ఒక్క పూట దించి, శుభ్రమైన గాలిలో సున్నా పెట్టి, మళ్లీ ఎక్కించమన్నాను. ఉత్పత్తి ఒక్క నిమిషం ఆగదని రాశాను. ముల్లు సున్నా కిందికి దిగిన సంగతి, అక్క వడియాల సంగతి కూడా రాశాను. అక్క మిద్దె మీద ఒక పూట ఆరిన పంచెను మడిచి సంచిలో పెట్టుకుని ఆఫీసుకు వెళ్లాను.

ఆఫీసరు పంచె విప్పి చూశాడు. ఆయన మాట్లాడింది తమిళంలో, నేను జవాబిచ్చిందీ అందులోనే.

“ఇస్త్రీ బండి వీధి మొదట్లో ఉంది, ఇక్కడికి తెచ్చావేం?”

“మసి చూపించడానికి సార్. ఇది ఒక్క పూటలో పడింది.”

“మాకు కాగితం మీద గీత కావాలయ్యా. ఇది గుడ్డ. దీనికి సున్నా ఎక్కడుంది?”

“ఉతికిన గుడ్డే దీనికి సున్నా సార్. మీ యంత్రాన్ని కూడా ఒకసారి ఉతకమనే అడుగుతున్నాను.”

పక్క బల్ల దగ్గర గుమాస్తా కిసుక్కున నవ్వాడు. ఆఫీసరు నవ్వలేదు, అలాగని కోప్పడనూ లేదు. అర్జీ మీద ముద్ర వేయించి, వచ్చి చూస్తామన్నాడు. పంచె నా చేతికే ఇచ్చాడు.

సంగతి మా షెడ్డు ఓనరు చెవిన పడింది. “ఆ కార్ఖానాకు ఇంక నువ్వు పోవద్దప్పా. వేరేవాణ్ణి పంపుతా. పనిలో ఉంచుకున్నా గదా, దానికి సంతోషపడు” అన్నాడు. సంతోషపడ్డానో లేదో ఆయన మళ్లీ అడగలేదు.

ఆఫీసు వాళ్లు వచ్చే రోజు తెలిసి, నేను సెలవు పెట్టి అక్క ఇంటికి వెళ్లాను. అక్క మిద్దె ఊడ్చి, కడిగి, కొత్త పంచె పరిచి ఉంది. దాని మీద వడియాలు పెట్టలేదు. ఉత్త తెల్ల పంచె. పక్కన పెద్ద చెంబులో మజ్జిగ, అల్లం, కరివేపాకు, ఉప్పు. పెట్టెలోంచి తీసిన మంచి గ్లాసులు.

“పొగను చూసేదానికి ఎవురైనా ఈడికి రావాల గదా” అంది. “గొట్టం కాడ ఏం కనపడుతుంది? పడేది ఈడ.”

మిద్దె మీద నుంచి గొట్టం చుట్టూ, యంత్రం దగ్గర నిలబడేందుకు వేసిన ఇనప అరుగు కనబడుతుంది. ఆఫీసు వాళ్లు ఇద్దరు ఎక్కారు, ఇంజనీరు వాళ్ల వెనక ఉన్నాడు. అద్దాలు తుడిచారు. నల్లద్దం ముక్క పెట్టారు, తీశారు. దూరం నుంచి కూడా నాకు ప్రతి కదలికా తెలుస్తూనే ఉంది, అదంతా నా చేతులు చేసిన పనే కదా. దించడానికి తాడు తీస్తారేమోనని చూస్తూ నిలబడ్డాను. తాడు తీయలేదు. వాళ్లు దిగుతుండగా కొలిమిలో నిప్పు పక్క మారింది. నల్లముద్ద వాళ్ల నెత్తి మీదుగానే లేచి, మా వైపు వంగింది. వాళ్లలో ఒకాయన రుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

“ఇప్పుడు వస్తారు” అంది అక్క.

జీపు గేటు దాటి, మా వీధి మొదట్లో కాస్త నిదానించి, హైరోడ్డు వైపు తిరిగిపోయింది.

అక్క చెంబు దగ్గర కూర్చుంది. మజ్జిగ మీద నల్లటి నలకలు తేలుతున్నాయి. గరిటె అంచుతో వాటిని పక్కకు తోసి, మంచి గ్లాసులో పోసి నాకిచ్చింది.

“తాగరా. పులిసిపోతుంది.”

తాగాను. ఆ రుచి ఇప్పటికీ నాలుక మీద ఉంది.

జవాబు కోసం మళ్లీ మళ్లీ తిరిగాను. ఫైలు పైకి వెళ్లిందన్నారు, కిందికి వచ్చిందన్నారు, ఆఫీసరు మారాడన్నారు. ఇంకో ఎండాకాలం వచ్చింది. ఆ ఏడు అక్క పంచెలు బయటికి తీయలేదు. షాపాయన జాలిపడి ఆమెకు తన గోడౌనులోనే పని ఇచ్చాడు. ఎక్కడో పొగ లేని ఊళ్లో ఎవరో పెట్టిన తెల్లటి వడియాలను ప్యాకెట్లలో పోసి మూతి అంటించే పని. పొద్దున బస్సెక్కి పోయేది, పొద్దుగూకాక వచ్చేది. “బాగానే ఉండాదిరా, మోకాళ్ల నొప్పితో పరిగెత్తే పని తప్పింది” అనేది. మిద్దె మీదికి వెళ్లే తలుపుకు తాళం వేసింది.

అలాంటి రోజుల్లో జవాబు వచ్చింది. ఇంగ్లీషులో టైపు చేసి ఉంది. అక్క కాళ్లు చాపుకుని కూర్చుని, “నాకు అర్థమయ్యేట్టు చదువు” అంది. తెలుగు చేసుకుంటూ చదివాను. ఆ రోజు ఆమెకు చదివి వినిపించిందే ఇక్కడ రాస్తున్నాను:

“అయ్యా, తమ అర్జీ అందినది. కార్ఖానా ఉత్పత్తికి ఎట్టి అంతరాయమూ లేకుండా పొగ కొలుచు యంత్రమును మా సిబ్బంది పరీక్షించినారు. యంత్రము సక్రమముగా పనిచేయుచున్నది. సున్నా యందు దోషము కనబడలేదు. పొగ హద్దు దాటినట్లు కాగితములలో ఎక్కడను లేదు. కావున ఈ విషయము ఇంతటితో ముగిసినట్లు భావించవలెను. అయితే ఆ ప్రాంతమున మసి అధికముగా పడుచున్నందున, తినుబండారములను ఆరుబయట ఎండబెట్టవద్దని తమ సోదరికి తెలియజేయగలరు.”